అచ్చులో కుడి సగం

ఒకే పని రెండుసార్లు చెయ్యమంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా నాన్నగారు గుడివాడలో హైస్కూలు మేష్టారు. తప్పు రాసిన మాటని పదిసార్లు రాసుకు రమ్మంటే, ఒక్కసారి రాసి దాని కింద ‘ఇలాగే ఇంకో తొమ్మిది’ అని రాసి తన్నులు తిన్న పిల్లని నేను. పెద్దయ్యాక ఆ బుద్ధే ఉద్యోగంలో మంచి పేరు తెచ్చింది. ఆ బుద్ధే ఒక పెద్దాయనకి దొంగ అనే పేరు తేబోయింది. ఈ రెండో సంగతి మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

మచిలీపట్నంలో మా ఆఫీసు ఒక మేడ మీద మూడు గదులు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసేవాళ్ళ అచ్చుల్ని కంప్యూటరు డ్రాయింగులుగా మార్చి దాచి పెట్టడం మా పని. నగ చెయ్యాలంటే ముందు దాన్ని ఉక్కు దిమ్మ మీద గుంటగా చెక్కాలి. ఆ గుంట మీద పల్చటి రేకు పెట్టి ప్రెస్సుతో కొడితే నగ ముక్క లేస్తుంది. ఆ దిమ్మే అచ్చు. అది అరిగిపోతే డిజైను పోయినట్టే. అందుకని దిమ్మకి మసి పూసి, కాగితం మీద ముద్ర తీసి, దాన్ని స్కాన్ చేసి, ఆ బొమ్మ మీద మౌసుతో గీత వెంట గీత ట్రేస్ చేసేవాళ్ళం.

మొదట్లో ఒక్కో డ్రాయింగు ఒక్కో ఫైలు. మామిడి పిందెలున్న హారాలన్నీ కావాలని ఎవరైనా అడిగారంటే నా పని అయిపోయేది. వందల ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి కళ్ళతో వెతకాలి. రెండుసార్లు వెతికాను, మూడోసారి చిర్రెత్తుకొచ్చి మొత్తం రిలేషనల్ డేటాబేసులోకి, అంటే ఒకదానితో ఒకటి ముడిపెట్టిన పట్టికల్లోకి, ఎక్కించేశాను. డిజైన్లకి ఒక టేబులు, డిజైనులోని భాగాలకి ఒకటి, గీతలకి ఒకటి, ఆ గీతల మీద బిందువులకి ఒకటి. ఒక్కో బిందువుకీ ఒక వరుస, అది ఎంత పక్కకి ఉందో ఎంత పైకి ఉందో రెండు అంకెలు. డిజైను నంబరు కొడితే ఆ నాలుగు టేబుళ్ళూ కలిసి బొమ్మ గీసి ముందు పెట్టేవి. అచ్చు చెక్కినవాళ్ళ పేరుకి కూడా ఒక గడి ఉంచాను.

డేటాబేసు చదువుకున్నవాళ్ళకి మొదట నేర్పేది ఒకటే. ఒక సంగతిని రెండు చోట్ల రాయకూడదు. నాకు అది చదువులా కాదు, సొంత మాటలా వినపడింది. హారమైనా పతకమైనా ఎడమ సగం ఎలా ఉంటుందో కుడి సగమూ అలాగే ఉంటుంది కదా, రెండూ ఎందుకు దాచాలి? ‘అద్దం’ అని ఒక గడి పెట్టాను. అందులో ‘అవును’ అని ఉంటే ఎడమ సగాన్నే అద్దంలోలా తిప్పి కుడి సగం కంప్యూటరే వేసుకుంటుంది. పాత డ్రాయింగులన్నిటికీ ‘అవును’ పెట్టి, కుడి సగాల వరుసలన్నీ ఒక్క ఆదేశంతో తీసేశాను. స్కానులు కూడా దండగేనని చెరిపించాను. డేటాబేసు సగానికి సగం తేలికైంది. మా సారు మెచ్చుకుని ఆ సాయంత్రం అందరికీ పకోడీలు తెప్పించారు. నేను కూడా నవ్వుకుంటూ తిన్నాను, నా మొహం.

అచ్చులు చెక్కేవాళ్ళలో ఒకాయన్ని నేను మావయ్యగారూ అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. మా అత్తవారు ఉండే అచ్చుపనివాళ్ళ వీధిలోనే ఉంటారు. డెబ్భై దాటాయి. ఒక కంటికి ఆపరేషను అయింది, రెండో కన్ను మసక. అయినా బొటనవేలితో తడుముకుంటూ చెక్కుతారు. మంచి ఉక్కు సులువుగా దొరకదు కాబట్టి పాత దిమ్మ ముఖం అరగదీసి దాని మీదే కొత్త డిజైను చెక్కుకోవడం ఆ వీధిలో అలవాటు. ఈయనకి మాత్రం పాతవి అరగదీయాలంటే మనసొప్పేది కాదు. ఇంట్లో మంచం కింద అంతా దిమ్మలే. “కంప్యూటర్లో ఉన్నాయిగా మావయ్యగారూ, ఇంకా ఆ బరువెందుకు?” అన్నాను ఒకరోజు. నేనే అన్నాను. ఆయన నా మాట నమ్మి రెండేళ్ళలో అన్నీ అరగదీసేశారు.

ఈ ఏడు శ్రావణమాసం ముందు గొడవ వచ్చింది. ఒక హోల్‌సేలు షాపాయన మామిడి పిందెల హారం ఒకటి బజార్లోకి దించాడు. మా మావయ్యగారు ఇరవయ్యేళ్ళ కిందట చెక్కిన హారాన్నే, ఒక వర్క్‌షాపువాళ్ళు అడిగారని, కొత్త దిమ్మ మీద మళ్ళీ చెక్కుతున్నారు. రెండూ ఒకటే. షాపాయన వీధి పెద్దలు నలుగురి దగ్గరికి వెళ్ళి, నా సరుకు చూసి ముసలాయన దొంగ అచ్చు చెక్కుతున్నాడని ఫిర్యాదు చేశాడు. ఆ వీధిలో ఆ మాట ఖాయమైందంటే ఇంకంతే. ఎవరూ ఆయనకి దిమ్మ ఇవ్వరు. యాభై ఏళ్ళు కూచున్న చోటు నుంచి లేచిపోవాలి.

పెద్దలు ఇద్దర్నీ పిలిపించారు. ఇది నాదే, పాత అచ్చు అరగదీశాను గానీ డ్రాయింగు కంప్యూటర్లో నా పేరు మీద ఉంది అన్నారట మావయ్యగారు. పేరూ తేదీ ఎవరైనా కొట్టొచ్చన్నాడట షాపాయన. అదీ నిజమే. టేబుళ్ళు మార్చినప్పుడు అన్ని వరుసలకీ ఒకటే తేదీ పడింది. అప్పుడు పెద్దల్లో ఒకాయన, “పేరు వద్దండీ, మీ చేతి గుర్తేదైనా చూపించండి” అన్నారట. చూపిస్తాను, శుక్రవారం పొద్దున చూపిస్తాను, చూపించలేకపోతే నేను దొంగనే అని నలుగురి ముందూ మాటిచ్చి వచ్చారు మావయ్యగారు.

సోమవారం మెట్లెక్కి మా ఆఫీసుకి వచ్చారు. గొడుగు మూలన పెట్టి, నా పక్కన స్టూలు మీద కూచుని, ఎవరైనా వింటున్నారేమో చూసి గొంతు తగ్గించారు. “ఎడం సగం అడిగినవాడిది తల్లీ. కుడి సగం చెక్కినవాడిది. మా గురువుగారు అలా నేర్పారు” అన్నారు. ఆయన చెక్కిన ప్రతి నగలోనూ కుడివైపు ఎక్కడో ఒకచోట, వెంట్రుకవాసి తేడా కావాలని పెడతారట. ఈ హారంలో పిందెల కింద గింజల వరుస ఉంది. కుడి చివర నుంచి మూడో గింజ పిసరంత కిందికి ఉంటుంది. మెడలో వేసుకుంటే ఎవరికీ తెలియదు. ఇంట్లో తన భార్య అత్తయ్యగారికి కూడా ఎప్పుడూ చెప్పలేదట. “తెరువు తల్లీ, ఒకసారి చూసుకుంటాను” అన్నారు.

ఆ కుడి సగం తీసేసింది నేనే. తెరవకముందే నాకు తెలుసు. అయినా తెరిచాను. ఆ గింజల వరుస పెద్దది చేశాను. సైనికుల్లా నిలబడ్డాయి అన్నీ. పక్కన అంకెలు చూశాను. మిల్లీమీటరులో వందో వంతు కూడా తేడా లేదు. ఆయన ముందుకి వంగి స్క్రీను వంక చూసి, కన్ను తుడుచుకుని మళ్ళీ చూశారు.

“నాకు ఈ వెలుగులో ఆనట్లేదు. కనపడుతోందా తల్లీ?”

“కనపడుతోందండీ” అన్నాను.

ఎందుకన్నానో నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా జవాబు ఒకటే. భయం. నా ఉద్యోగం కోసం కాదు, ఆ నిమిషంలో ఆయన మొహం చూడలేక. ఆయన హమ్మయ్య అనుకుని నా తల మీద చెయ్యి పెట్టి, శుక్రవారం నువ్వే వచ్చి చూపించు అని చెప్పి గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ కుర్చీకి అతుక్కుపోయాను.

మంగళవారం అంతా బ్యాకప్పులు గాలించాను. పాత దాని మీదే కొత్తది రాస్తూ వచ్చాం, ఒక్క కుడి సగమూ మిగల్లేదు. స్కానులు లేవు. క్యాటలాగు ఫొటోల్లో గింజ గింజకీ తేడా తెలిసేంత పెద్దవి లేవు. మధ్యాహ్నానికి పాపపు ఆలోచన వచ్చింది. ‘అద్దం’ గడిలో ‘కాదు’ పెట్టి, కుడి సగం వరుసలు మళ్ళీ ఎక్కించి, ఒక్క గింజకి ఒక్క అంకె మారిస్తే చాలు. అయిదు నిమిషాల పని. ఆదేశం టైపు కూడా చేశాను. వేలు ఎంటర్ మీదే ఉంది. ఎంత కిందికి జరపాలో మాత్రం నాకు తెలియదు. ఆయన వెంట్రుకవాసి ఎంతో ఆయన చేతికే తెలుసు. పేరూ తేదీ ఎవరైనా కొట్టొచ్చని షాపాయన అన్న మాట చెవిలో గింగురుమంది. సిగ్గుతో చచ్చిపోయి టైపు చేసిందంతా చెరిపేశాను.

ఇంక మిగిలింది ఒకటే. పాత అచ్చు మీద కొట్టిన నగ ఒక్కటైనా ఎక్కడో ఎవరి మెడలోనో ఉండాలి. బుధవారం సెలవు పెట్టి చిలకలపూడి స్టేషనులో ప్యాసింజరెక్కి గుడివాడ వెళ్ళాను. ఆ హారాలు ఎక్కువగా అమ్మిన షాపు అక్కడే ఉంది. షాపులో పెద్దాయన విని నవ్వారు. రోల్డ్‌గోల్డు చెమటకి నల్లబడ్డాక ఎవరూ దాచుకోరు, పాతది ఇచ్చేసి కొత్తది పట్టుకెళ్తారు, పాతవన్నీ కరిగించడానికి పోతాయి, ఇరవయ్యేళ్ళ నాటిది ఎక్కడ ఉంటుందమ్మా అన్నారు. నేను కదలకుండా నిలబడేసరికి జాలేసిందో విసుగేసిందో, దివిసీమలో నాగాయలంక అవతల చేపలమ్మే ఒకావిడ ఇద్దరు కూతుళ్ళకీ ఆ హారాలే తీసుకుంది, మొన్నమొన్నటి దాకా ఆ పిల్లల మెడల్లోనే ఉండేవి, వెళ్ళి అడుగు అన్నారు.

గురువారం బస్సెక్కాను. చినుకులు. మోపిదేవి దగ్గర అరగంట ఆగిపోయింది, డ్రైవరు టీ తాగుతూ ఎవరితోనో కబుర్లు. నాకు దిగి అరవాలనిపించింది, నిజంగానే దిగి అరిచాను కూడా. “ఏంటండీ మేడం, పెళ్ళికా?” అన్నాడు, బస్సంతా నవ్వింది. పులిగడ్డ వంతెన దాటి, అవనిగడ్డలో మారి, నాగాయలంకలో ఆటో పట్టుకుని ఆ ఊరు చేరేసరికి పన్నెండయింది. ఇళ్ళ ముందు వలలు ఆరేసి ఉన్నాయి. ఆవిడ గడప దగ్గర కూచుని ఎండు రొయ్యలు ఏరుతోంది. నేను వచ్చిన పని చెప్పాను.

ఆవిడ కూతుర్ని కేకేసింది. ఆ అమ్మాయి మెడలో హారం చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. మామిడి పిందెలు, కింద గింజల వరుస. దగ్గరికి పోయి, వాళ్ళు ఏమనుకుంటారో కూడా చూడకుండా మెడ దగ్గర భూతద్దం పెట్టేశాను. కుడి చివర నుంచి ఒకటి, రెండు, మూడు. తిన్నగా ఉంది.

“పాతది నల్లబడిపోతే మొన్నే ఇచ్చేసి ఇది తెచ్చుకున్నామమ్మా” అంది ఆవిడ. “అచ్చం అదే. దానికన్నా నీటుగా ఉంది కూడా.”

అది మావయ్యగారి మీద ఫిర్యాదు చేసిన షాపాయన సరుకు. రెండో కూతురి హారం కూడా అలాగే మార్చేశారట. ఆ గడప మీదే కూలబడ్డాను. ఆవిడ కంగారుపడి మంచినీళ్ళు తెమ్మంది. ఆ అమ్మాయి హారం విప్పి నా చేతికిచ్చింది. ఊరికే, చూపు ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి, ఎడమవైపు చివరి పిందె చూశాను. దాని కొనలో చిన్న నొక్కు ఉంది. ఆ నొక్కు నాకు తెలుసు. ఆ పిందె ట్రేస్ చేస్తుంటే ఫోను మోగి నా చెయ్యి బెసికింది. తరవాత చూసి కూడా, ఎవరు చూడొచ్చారులే, మళ్ళీ ఎవరు గీస్తారు అని వదిలేశాను. వెంటనే కుడివైపు చివరి పిందె చూశాను. అక్కడా అదే నొక్కు, అద్దంలో చూసినట్టు.

చేత్తో చెక్కినవాడికి ఒకే తప్పు రెండువైపులా దొర్లదు. ఈ హారం నా టేబుళ్ళలోంచి వచ్చింది. ఎలా వచ్చిందో కూడా అక్కడే గుర్తొచ్చింది. మూడు నెలల కిందట మా సారు, ఎవరో పార్టీకి చూపించాలి, మామిడి పిందెల డిజైన్లు నాలుగైదు తీసి పంపు అన్నారు. ఒక్క లైను కొడితే వచ్చాయి. ఎవరు చెక్కారో ఆ గడి వంకైనా చూడకుండా నేనే పంపాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని ఏడ్చాను. మావయ్యగారు దొంగ కాదని చూపించే దారి దొరికింది. ఆ దారి నా తప్పు మీదుగానే పోవాలి. చెప్తే మా సారు ఆ షాపాయనకి ఇప్పించారని చెప్పాలి, అంటే ఉద్యోగం పోతుంది. పోనీ. నన్ను కోసింది అది కాదు. కనపడుతోందండీ అని ఆయన మొహం మీద చెప్పిన అబద్ధం కూడా దీంతోపాటే బయటికొస్తుంది. సాయంత్రం ఆఫీసు మూసేలోపు చేరి, ఆయన పేరు మీద ఉన్న డిజైన్లన్నీ తీసి చూశాను. ఒక్కదానికైనా ‘కాదు’ అని ఉంటుందేమోనని. లేదు.

శుక్రవారం పొద్దున పెద్దలు నలుగురూ బల్ల చుట్టూ కూచున్నారు. షాపాయన తన అచ్చు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా సారు కూడా వచ్చి, అంతా కంప్యూటర్లో ఉందండీ, మా అమ్మాయి చూపిస్తుంది అని ధీమాగా అన్నారు. మావయ్యగారు ఉతికిన పంచె కట్టుకుని, గడ్డం గీసుకుని వచ్చారు. నన్ను చూసి కళ్ళతోనే ధైర్యం చెప్పారు. ఆయన నాకు ధైర్యం చెప్పడం.

నేను ల్యాప్‌టాపు తెరవలేదు. షాపాయన అచ్చునీ భూతద్దాన్నీ పెద్దల్లో ఒకాయన ముందుకి జరిపి, రెండు చివర్లా పిందెల కొనలు చూడమన్నాను. ఎడమవైపు నొక్కు ఎలా వచ్చిందో చెప్పాను. కుడివైపుకి ఎలా పోయిందో, ‘అద్దం’ గడి గురించి, ఎవరికీ అర్థం కాకపోతే మళ్ళీ మొదట్నించీ చెప్పాను. ఒకే పని రెండుసార్లు చెయ్యడానికి ఆ రోజు నాకు కోపం రాలేదు. డ్రాయింగు పంపింది నేనే, సారు పంపమన్నారు అని కూడా చెప్పాను. భూతద్దం నలుగురి చేతులూ మారింది. షాపాయన, డ్రాయింగు ఎవరో ఇస్తే తీసుకున్నాను, నాకేం తెలుసు అని గొణిగాడు. సారు కుర్చీ వెనక్కి నెట్టి, నా వంక చూడకుండా బయటికి వెళ్ళిపోయారు.

డిజైను ముసలాయనదేనని, షాపాయన ఆ అచ్చు అక్కడే అరగదీయించాలని పెద్దలు తేల్చారు. ఒకాయన లేచి వచ్చి మావయ్యగారి చెయ్యి పట్టుకున్నారు. అక్కడితో అయిపోతే ఎంత బావుండేది. కానీ ఆ పెద్దాయన మంచిమాటగానే, “ఇంతకీ మీ గుర్తు ఏదో చూపిస్తానన్నారుగా, అది కూడా చూద్దామండీ” అన్నారు.

మావయ్యగారు నా వైపు తిరిగారు. “చూపించు తల్లీ. మొన్న చూశావుగా.”

“లేదు మావయ్యగారూ” అన్నాను. “మొన్న కూడా లేదు. కుడి సగం నేనే తీసేశాను. ఉందని అబద్ధం చెప్పాను.”

ఆయనకి వెంటనే అర్థం కాలేదు. ఈ హారంలోనే కదా అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. అన్నిట్లోనూ తీసేశానని, ఆయన గుర్తు ఇప్పుడు ఏ డ్రాయింగులోనూ లేదని చెప్పాను. నన్ను తిడతారనుకున్నాను. తిడితే బావుండును. ఆయన బొటనవేలితో బల్ల చెక్కని తడిమారు.

“అన్నీ అంటే, ఎన్ని తల్లీ?”

“నూటపద్నాలుగండీ.”

“నూటపద్నాలుగా” అన్నారు. పక్కనున్న పెద్దాయన వైపు తిరిగి, ఇంకెవరి సంగతో అడిగినట్టు, “అన్ని చెక్కానా నేను?” అని అడిగారు.